పరీక్ష తప్పిందా, చిప్ మారిందా?

రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్‌ను ఆనుకొని ఉర్లా పారిశ్రామిక ప్రాంతం ఉంది. అక్కడి ఒక యంత్రం కోసం సి భాషలో ప్రోగ్రాము రాసి, ముందు మామూలు కంప్యూటర్‌లో నడిపి చూశారనుకుందాం. 200ను 200తో గుణిస్తే 40,000 వచ్చింది. అదే ప్రోగ్రామును ఆర్డుయినో యూనో బోర్డులోని 8 బిట్ల చిప్‌లోకి ఎక్కిస్తే సాధారణంగా మైనస్ 25,536 వస్తుంది. ఆ చిప్‌లో 'ఇంట్' అంటే 16 బిట్లే. 32,767 దాటిన సంఖ్య అందులో పట్టదు. ప్రోగ్రాము ఒకటే అయినా, చిప్‌ను బట్టి దాని అర్థం మారింది.

ప్రోగ్రామును నడపకుండానే చదివి తప్పులు పట్టుకోవడాన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. 2020లో వచ్చిన జీసీసీ 10 కంపైలర్‌లో ఇలాంటి విశ్లేషకం చేరింది. ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేయడం వంటి తప్పులను అది వెతుకుతుంది. మరి ఆ విశ్లేషకం సరిగ్గా పనిచేస్తోందని తెలిసేదెలా? 'ఈ వరుసలో హెచ్చరిక రావాలి, ఆ వరుసలో రాకూడదు' అని గుర్తుపెట్టిన చిన్న చిన్న పరీక్ష ప్రోగ్రాముల ద్వారా.

చిక్కల్లా, ఇంటెల్ చిప్ మీద నెగ్గిన పరీక్ష మరో చిప్ మీద తప్పడం. అప్పుడు సులువైన దారి, ఆ చిప్‌కు ఆ పరీక్షను ఆపేయడం. కారణం తెలుసుకోకుండా ఆ పని చేయకూడదు. ఎందుకంటే తేడాలు రెండు రకాలు.

మొదటిది అర్థంలోనే తేడా. లినక్స్‌లో 'చార్' రకం ఇంటెల్ మీద రుణ సంఖ్యలను పట్టుకుంటుంది. ఆర్మ్, రిస్క్-ఫైవ్‌ల మీద సాధారణంగా 0 నుంచి 255 వరకే. 'విలువ సున్నాకంటే తక్కువైతే' అనే షరతు కింద తప్పు ఉంటే, ఇంటెల్ మీద హెచ్చరిక రావాలి. మిగతావాటి మీద ప్రోగ్రాము ఆ దారిలోకే వెళ్లదు కనుక రాకూడదు. రెండు జవాబులూ సరైనవే. అందుకే పరీక్షలో రకాన్ని, దాని పరిమాణాన్ని విప్పి రాయాలి. లేదా ఒక్కో చిప్‌కు ఏ జవాబు రావాలో విడిగా చెప్పాలి.

రెండోది రూపంలో మాత్రమే తేడా. రెండు షరతులను 'మరియు'తో కలిపితే, కొన్ని చిప్‌లకు కంపైలర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి పరీక్షిస్తుంది. దారి మళ్లడం ఖరీదైన చిప్‌లకైతే రెండింటినీ లెక్కించి ఒకేసారి తేలుస్తుంది. అర్థం మారలేదు. అయినా హెచ్చరిక మాయమైతే లోపం చిప్‌ది కాదు, విశ్లేషకానిది. ఏ రూపం వాడాలో నిర్ణయించే మీట జీసీసీలో ఉంది. పరీక్షను ఒక రూపానికి కట్టేయవచ్చు. కానీ రెండో రూపానికీ ఒక పరీక్ష ఉండాలి. లేకపోతే ఆ లోపం కంటికి కనబడదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీ-డాక్ 'వేగ' ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ మీద ఆధారపడినవే. ఈ బాటలో కేంద్రం 2022లో డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కంపైలర్లపై పరిశోధన చేసేవారు ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉన్నారు. దేశీయ చిప్‌ల మీద కంపైలర్ పరీక్షలను క్రమం తప్పకుండా నడపడం, తప్పిన ప్రతిదానికీ కారణం రాసి పంపడం చిప్ తయారీలో భాగం కావాలి. హెచ్చరిక రాకపోతే ప్రోగ్రాము రాసినవారు తప్పు లేదనే అనుకుంటారు. ఆపేసిన పరీక్ష కూడా వారికి అలాంటి మౌనంగానే కనిపిస్తుంది.