పోతా నోట దాదా మాట

మొన్న ఈద్‌కి మా భాయిజాన్ కొడుకు ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. షీర్ ఖుర్మా తాగుతూ, "చిచ్చా, మీ ఉర్దూ మీడియం చదువు బీసీపీఎల్ లాంటిది. పేరుంటుంది, ఎవరికీ పనికిరాదు" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. రాత్రి నిద్ర పట్టలేదు. వాడి సీ పుస్తకం మొదటి పేజీలో ఆ పేరు ఒక్క లైన్‌లో ఉందట. ఎవరిదీ బేచారా భాష అని తవ్వడం మొదలుపెట్టాను.

1960లలో కేంబ్రిడ్జి, లండన్ యూనివర్సిటీల వాళ్లు సీపీఎల్ అనే పెద్ద భాష తలపెట్టారు. అన్నీ అందులోనే ఉండాలన్న హవస్. అది పూర్తిగా ఏనాడూ తయారు కాలేదు. 1966లో కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ దాన్ని కత్తిరించి, కంపైలర్లు రాయడానికి కావలసినంతే ఉంచి బీసీపీఎల్ చేశాడు. అంకె, అక్షరం, అడ్రసు అన్న ఫరక్ లేదు. అన్నీ మెషీన్ వర్డులే. నాకు నచ్చిన అసలు హునర్ ఇంకోటి. కంపైలర్‌ని ఆయన రెండు ముక్కలు చేశాడు. మొదటిది ప్రోగ్రామ్‌ను ఓ-కోడ్ అనే మధ్య భాషలోకి మారుస్తుంది, రెండోది దాన్ని మెషీన్ భాషలోకి. కొత్త కంప్యూటర్ వస్తే రెండో ముక్క మాత్రం మళ్లీ రాసుకుంటే చాలు. ఒక్కో మెషీన్ ఒక్కో దునియాగా ఉన్న జమానాలో ఇది చిన్న సంగతి కాదు.

ఆ భాషను బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 8కే వర్డుల మెమరీ ఉన్న పీడీపీ-7 కోసం ఇంకా కుదించి 'బీ' అన్నాడు. దానికి డెన్నిస్ రిచీ టైపులు చేరిస్తే 'సీ' అయింది. 1973లో యూనిక్స్ కర్నెల్‌ను సీలో తిరగరాశారు. తర్వాతి కథ అందరికీ తెలుసు. సీ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు చెప్పేవాళ్లంటేనే నాకు చిరాకు. ఉస్తాద్ పేరు చెప్పని షాగిర్దును మా ఇళ్లలో ఏమంటారో ఇక్కడ రాయను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక సీనియర్, "ఇక్కడ నీ ఉర్దూ ఎందుకయ్యా" అన్నాడు. తర్వాత నాకిచ్చింది కోర్టు వార్తలు. వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, జమానతు... ఆయన కలంలో సిరా సగం మా ఉర్దూదే, ఆయనకే ఖబర్ లేదు. ముద్దాయి సంగతైతే తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడయ్యాడు!

ప్రోగ్రామింగ్ భాషల్లోనూ అంతే. బీలో లోకల్ వేరియబుల్స్‌కి 'ఆటో' అని రాసేవాళ్లు. సీలో ఆ మాట ఉన్నా దాదాపు ఎవరూ వాడలేదు. 2011లో సీ ప్లస్ ప్లస్ దానికి పూర్తిగా వేరే మానీ ఇచ్చింది, టైపును కంపైలరే తెలుసుకోవాలని. బీసీపీఎల్‌లో కామెంటుకు వాడిన రెండు ఏటవాలు గీతల్ని సీ వదిలేస్తే, సీ ప్లస్ ప్లస్ మళ్లీ తెచ్చుకుంది. దాదా మాట బేటా మరిచినా పోతా అందుకున్నాడు.

విరాసత్‌లో జాయదాదే కాదు, ఖర్జ్ కూడా వస్తుంది. ప్రోగ్రామర్ ఏం చెబితే అది నమ్మేయడం బీసీపీఎల్ మిజాజ్. అర్రే హద్దు దాటినా అడగదు. సీకి అదే అలవాటు వచ్చింది. 1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ దూరిన దారుల్లో ఒకటి ఇలాంటి హద్దు దాటడమే. ఈ ఖర్జ్‌ను ఇప్పటికీ తీరుస్తున్నారు. దాదాను ప్రేమించడమంటే ఆయన గల్తీ దాచడం కాదు గదా.

ఇవన్నీ వాడికి ఫోన్లో చెప్పాను. సీ అన్న పేరు అక్షరమాలలో బీ తర్వాత వచ్చేదనా, బీసీపీఎల్‌లో రెండో అక్షరమనా అన్నది రిచీ తేల్చకుండా వదిలేశాడని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చిచ్చా, సీ తర్వాత డీ రావాలా, పీ రావాలా?" అన్నాడు. రెండు ప్లస్‌లు తగిలించి వాళ్లు తప్పించుకున్నారు బేటా, అన్నాను.