సుప్రభాతం సరే, ఏకాంతసేవ ఏదీ?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పుట్టి పెరిగిన వారికి ఉదయం అనగానే ముందుగా స్ఫురించేది సుప్రభాతం. కొండమీద తెల్లవారుజామున మూడు గంటల వేళ బంగారువాకిలి ముందు మొదలయ్యే ఆ మేలుకొలుపు, కొండ కింద ఎన్నో ఇళ్ళలో దినచర్యకు నాంది. 15వ శతాబ్దిలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించిన ఈ స్తోత్రం 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గళంలో రికార్డుగా వెలువడిన తరువాత మధ్యతరగతి ఇంటికి అదే గడియారమైంది. అందువల్లనే కాబోలు, తెల్లవారుజామున లేచినవాడు కార్యశూరుడు, లేవనివాడు సోమరి అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది.

అయితే అదే ఆలయంలో సుప్రభాతానికి జోడుగా మరొక సేవ ఉంది. అది ఏకాంతసేవ. స్వామివారిని పవళింపజేసే ఈ సేవను 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని మన పెద్దలు చెప్పుకునేవారు. అన్నమయ్య కీర్తన లాలిపాటగా వినిపిస్తుంది. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి జరుగుతుంది. ఆ వెంగమాంబ పూర్వపు చిత్తూరు జిల్లాలోని తరిగొండ ఆడపడుచు. మేలుకొలుపును మన ఇళ్ళకు తెచ్చుకున్నాం గాని, జోలపాటను కొండమీదనే వదిలివేశాం. పగటి పనిలో మన చురుకుదనాన్ని నిర్ణయించేది లేచిన గంట ఒక్కటే కాదు, క్రితం రాత్రి పడుకున్న గంట కూడా అన్నది ఈ వ్యాసం ద్వారా విన్నవించదలచిన విషయం.

భక్తుల రద్దీ వల్ల కొండమీద ఆ రెండు సేవల మధ్య వ్యవధి స్వల్పమే కదా అని కొందరు అడగవచ్చు. స్వామివారిది యోగనిద్ర, మన నిద్ర దేహధర్మం. ఆయన సేవకులు సైతం వంతుల వారీగా విశ్రమిస్తారు.

శాస్త్రం చెప్పినదేమిటి?

బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలని అష్టాంగహృదయం సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయంలో వాగ్భటాచార్యులు చెప్పిన మాట అందరికీ తెలుసు. కాని ఆ విధి ఎవరికన్నది చాలామంది గమనించరు. స్వస్థుడైనవాడు, అనగా ఆరోగ్యవంతుడు, తన ఆయుష్షును రక్షించుకొనుటకు అలా లేవాలి అని ఆయన వాక్యం. రోగికి, బాలింతకు, రాత్రంతా జాగరణ చేసినవారికి అదే నియమాన్ని వర్తింపజేయడం శాస్త్రం కాదు, మొండితనం. అంతేకాదు, లేచిన వెంటనే రాత్రి తిన్న ఆహారం జీర్ణమైనదా లేదా అని పరిశీలించుకోవాలని అష్టాంగసంగ్రహం సూచించింది. అంటే శాస్త్రదృష్టిలో ఉదయపు మొదటి పని క్రితం రాత్రిని సమీక్షించుకోవడమే.

అష్టాంగహృదయంలోనే ఏడవ అధ్యాయం చూడండి. సుఖదుఃఖాలు, బలాబలాలు, జ్ఞానాజ్ఞానాలు, చివరకు జీవితం సైతం నిద్రపై ఆధారపడినవని అందులో ఉంది. అలవాటు లేని జాగరణ చేసినవారు, కోల్పోయిన కాలంలో సగం మరునాటి ఉదయం ఏమీ తినకముందు నిద్రించవచ్చునని కూడా ఉంది. రాత్రులు కురచగా ఉండే గ్రీష్మంలో పగటి నిద్రకు అనుమతి ఉంది. ఇంతటి దయ గల శాస్త్రాన్ని మనం అలారం గడియారంగా మార్చుకున్నాం.

బ్రాహ్మీ ముహూర్తం గడియారంలో ఒకే చోట నిలిచి ఉండేది కూడా కాదు. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు ఆరంభమై 48 నిమిషాల ముందు ముగిసేది బ్రాహ్మీ ముహూర్తమని సాధారణ గణన. తిరుపతిలో జూన్ ఆరంభాన సూర్యుడు సుమారు 5.40కి, జనవరి చివర సుమారు 6.40కి ఉదయిస్తాడు. కనుక వేసవిలో నాలుగు గంటలు దాటాక వచ్చే ముహూర్తం, చలికాలంలో ఐదు దాటాక వస్తుంది. ఏడాది పొడవునా నాలుగింటికే లేవాలని పట్టుబట్టేవారు ఈ లెక్కను గమనించగలరు.

తాతల నాటి తెల్లవారుజాము

'మా తాతలు కోడికూతకే లేచి కపిల తోలేవారు' అని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిజమే. కాని వారు దీపం పెట్టిన కొంతసేపటికే రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి తిని, వీధి అరుగు మీద నాలుగు మాటలు చెప్పుకొని ఎనిమిదింటికల్లా నడుం వాల్చేవారు. నాలుగింటికి లేచినా ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యేది. నేడు టీవీ సీరియళ్ళు ముగిసి, సెల్‌ఫోను చేతిలోంచి జారేసరికి పదకొండున్నర. అలారం మాత్రం నాలుగున్నరకే. తాతల అలవాటులో సగం మాత్రమే మనం స్వీకరించాం. మిగిలిన సగం లేనందువల్ల పదకొండు గంటలకు ఆఫీసులో ఆవులింతలు, సాయంత్రం పిల్లలపై చిరాకు, వారాంతంలో తలనొప్పి.

ఆధునిక విజ్ఞానం కూడా ఈ విషయంలో ఆయుర్వేదానికి దగ్గరగానే ఉంది. శరీరంలోని జీవగడియారం ఎలా పనిచేస్తుందో కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఉదయపు వెలుగు ఆ గడియారాన్ని సరిచేస్తుంది. రాత్రి కంటికి తగిలే తెర వెలుగు దానిని వెనక్కు నెడుతుంది. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర, 13 నుండి 18 ఏళ్ళ పిల్లలకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు.

నిద్ర ఎవరిది తరుగుతున్నది?

ఇంటి క్రమశిక్షణకు మూల్యం చెల్లిస్తున్నవారు ముఖ్యంగా ఇద్దరు. మొదటి వ్యక్తి ఇల్లాలు. అందరికంటే ముందు లేచి, వాకిట నీళ్ళు చల్లి ముగ్గుపెట్టి, పాలు కాచి, టిఫిను, మధ్యాహ్నపు డబ్బాలు సిద్ధం చేసేది ఆమె. రాత్రి గిన్నెలు కడిగి, మరునాటికి పప్పు నానబోసి, అందరికంటే చివర పడుకొనేదీ ఆమే. భర్త ధ్యానానికి, పిల్లల చదువుకు పనికివచ్చే ప్రశాంత ప్రాతఃకాలం ఆమెకు ఏనాడూ ప్రశాంతం కాదు. ఆమె మోకాళ్ళ నొప్పికి తైలం, నీరసానికి లేహ్యం అడిగే భర్తలు, ఆమె ఎన్ని గంటలు నిద్రిస్తున్నదో ఒక్కసారి లెక్కించి చూడాలి.

రెండవ వ్యక్తి విద్యార్థి. రాత్రి పదకొండు దాకా చదివించి, నాలుగున్నరకే గంట కొట్టి లేపే వసతిగృహాలను తల్లిదండ్రులు గొప్పగా ఎంచుకుంటున్నారు. కౌమారంలో జీవగడియారం సహజంగానే కొంత ఆలస్యంగా నడుస్తుంది. అది సోమరితనం కాదు. చదివినది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే. నిద్రను కోసి చదువుకు అతికించడం, విత్తనపు గింజలు తిని పంట కోసం ఎదురుచూడడం వంటిది.

అలాగని పొద్దెక్కేదాకా పడుకొమ్మని నా అభిప్రాయం కాదు. మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటే మన సీమలో చల్లని వేళ పని ముగించుకోవడం వివేకమే. దానికి తగిన రాత్రి ఉండాలన్నదే నా విన్నపం.

ఇంట్లో చేయదగినవి

రాత్రి భోజనం ఎనిమిది గంటలలోపు తేలికగా ముగించాలి. పడుకొనే గంట ముందు టీవీ ఆపి, సెల్‌ఫోన్లను పడకగది బయట ఉంచాలి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మానితే మంచిది. పిండి రుబ్బడం, కూరగాయలు తరగడం వంటి పనులను సాయంత్రమే ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. త్వరగా లేవదలచినవారు ముందు పడుకొనే వేళను పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటే, మెలకువ దానంతట అదే వస్తుంది. సెలవు రోజున కూడా దాదాపు అదే వేళ పాటించాలి.

లేచాక గ్లాసు నీరు తాగి, మలమూత్ర వేగాలను ఆపకుండా కాలకృత్యాలు తీర్చుకోవాలి. దంతధావనానికి వాగ్భటుడు చెప్పిన వాటిలో కానుగ పుల్ల మన పల్లెలలో నేటికీ దొరుకుతుంది. తరువాత అరగంట ఆరుబయట నడక. వ్యాయామం అర్ధశక్తితోనే చేయాలని శాస్త్రం. నుదుట చెమట పట్టి, నోరు ఎండుతున్నప్పుడు ఆపితే చాలు. టిఫినుకు ముందు నూనెల వంటకాల కంటే మజ్జిగ కలిపిన రాగి అంబలి మేలు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం అంబలిని మితంగా తీసుకొని, రక్తంలో చక్కెరను చూసుకుంటూ ఉండాలి.

రాత్రిపాళీ ఉద్యోగులకు ఈ వేళలు వర్తించవు. వారు పగలు చీకటి గదిలో పూర్తి నిద్ర తీయడమే వారి దినచర్య. ఏడెనిమిది గంటలు పడుకున్నా అలసట తీరనివారు, గట్టిగా గురకపెట్టేవారు రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో శ్వాస ఆగడం వంటి లోపాలున్నాయేమో వైద్యుని చేత పరీక్షింపజేసుకోవాలి. అలారం వాటికి మందు కాదు.

సుప్రభాతం వినిపించే ప్రతి ఇంటా ఏకాంతసేవ కూడా జరగాలి. అందుకు పూజాద్రవ్యాలు అక్కరలేదు. ఈ రాత్రి పది గంటలకల్లా దీపాలన్నీ ఆర్పండి. అన్నింటికంటే ముందు వంటగది దీపం ఆర్పండి.