ఎర్ర టీ దగ్గర చిన్నతనమేముంది?

"చీర కట్టుకుని రావోయ్, అప్పుడు కొడుదువుగాని ఎర్ర టీ నుంచి!"

మావారితో ఆయన స్నేహితుడొకాయన అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. మావారూ నవ్వారు. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ మాట ఆయన్ని ఉద్దేశించి అన్నదే. కానీ తగిలింది నాకు.

గోల్ఫ్ అనగానే "డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకులే" అని మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. నేను బ్యాంకులో గుమస్తాగా చేరి ఆఫీసరుగా రిటైరైన మనిషిని. మావారు ఇంజనీరు. ఉద్యోగరీత్యా ఆయనకు తక్కువ చందాతో క్లబ్బులో సభ్యత్వం దొరికింది. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక, ఇంట్లో ఇద్దరమే మిగిలినప్పుడు, ఆయన వెంట నేనూ వెళ్లి 52వ ఏట ఆట మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 66, ఆయనకు 71. ఊరి పేరు, క్లబ్బు పేరు చెప్పను. చెబితే కమిటీవారు నొచ్చుకుంటారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ టీ అంటే తాగేది కాదు. ప్రతి హోల్‌కీ మొదటి దెబ్బ కొట్టే చోటుని టీ అంటారు. ఒకే హోల్‌కి వెనకా ముందూ మూడు నాలుగు చోట్ల రంగు దిమ్మలు పెట్టి ఉంచుతారు. మా మైదానంలో తెల్ల టీ నుంచి కొడితే 18 హోల్స్ మొత్తం దూరం 6,200 గజాలు. అందరికంటే ముందుండే ఎర్ర టీ నుంచి 5,300 గజాలు. ఎర్ర టీకి ఎవరు పెట్టారో గానీ "లేడీస్ టీ" అని పేరు స్థిరపడిపోయింది. అసలు చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది.

పదేళ్ల కిందట మావారు డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పెద్ద కర్రతో, 220 గజాలు కొట్టేవారు. ఇప్పుడు 180 దాటితే గొప్ప. వయసు కదా, ఏం చేస్తాం? కానీ నిలబడేది మాత్రం ఆ తెల్ల టీ దగ్గరే. తగ్గిన ఆ నలభై గజాలూ బలవంతంగా రాబట్టాలని నడుం మెలితిప్పి కొడతారు. బంతి పొదల్లోకి, నడుం మంచం మీదకి! ఆట ముగిసి స్కూటర్ మీద ఇంటికొచ్చేదాకా పెదవి విప్పరు. టిఫిన్ దగ్గర ఉప్మాలో ఉప్పు ఎక్కువైందంటారు. రెండేళ్ల కిందట ఒకరోజు బూట్లు విప్పి మూలకి గిరాటేసి, "ఇక చాలు. మానేస్తాను" అనేశారు.

నాకు గుండె జారింది. ఆట పోతుందని కాదు. పొద్దున్నే ఆరింటికి మంచులో ఇద్దరం నడుచుకుంటూ వెళ్లే ఆ మూడు గంటలే మాకు మాటల సమయం. అది పోతే ఆయనకి పేపరు, నాకు వంటిల్లు, మధ్యలో టీవీ.

అప్పుడు కూర్చుని లెక్కలు తీశాను. బ్యాంకు ఉద్యోగం చేసినదాన్ని కదా, అంకెలంటే భయం లేదు.

2011లో అమెరికాలో గోల్ఫ్ నిబంధనలు చూసే యు.ఎస్.జి.ఎ., ఆట నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం పి.జి.ఎ. కలిసి "ముందుకొచ్చి ఆడండి" అని ప్రచారం చేశాయి. డ్రైవర్‌తో సగటున ఎంత దూరం కొడతారో దాన్నిబట్టి ఎంత పొడవున్న మైదానం ఆడాలో ఒక పట్టిక ఇచ్చాయి. 250 గజాలు కొట్టేవారికి 6,200 నుంచి 6,400 గజాలు. 200 కొట్టేవారికి 5,200 నుంచి 5,400. 175 కొట్టేవారికి 4,400 నుంచి 4,600. 150 కొట్టేవారికి 3,500 నుంచి 3,700. 125 కొట్టేవారికి 2,800 నుంచి 3,000. అందులో ఆడా మగా లేదు, వయసు లేదు. కొట్టే దూరం ఒక్కటే.

ఇంకా సులువైన లెక్క ఒకటుంది. మీ ఐదో నంబరు ఐరన్‌తో మామూలుగా ఎంత దూరం పోతుందో దాన్ని 36తో హెచ్చవేయండి. మావారిది 125 గజాలు. 36తో హెచ్చవేస్తే 4,500. నాది 90. హెచ్చవేస్తే 3,240. రెండు లెక్కలూ ఇంచుమించు ఒకచోటికే వచ్చాయి.

ఆ కాగితం చూసి నేనే నోరు తెరిచాను. ఎర్ర టీ 5,300 గజాలు కదా. అంటే అది 200 గజాలు కొట్టేవారికి సరిపోయే దూరం. ఏ "లేడీస్ టీ" దగ్గర నిలబడితే పరువు పోతుందని మావారు అనుకుంటున్నారో, అది కూడా ఆయనకు 800 గజాలు ఎక్కువే! ఇక నా సంగతి? నేను డ్రైవర్‌తో కొట్టేది 140. నాకు తగిన దూరం దాదాపు 3,300. పద్నాలుగేళ్లుగా నేను నాకు సరిపోయేదానికంటే 2,000 గజాలు పొడుగైన మైదానంలో ఆడుతున్నాను. అదీ "నీకేంటి, లేడీస్ టీ ఉందిగా" అనిపించుకుంటూ.

మా నాలుగో హోల్ చూడండి. అది పార్ 4. అంటే రెండు దెబ్బల్లో గ్రీన్ మీదకి, అదే జెండా పాతిన నున్నటి గడ్డి మీదకి చేరాలి. మరో రెండు దెబ్బల్లో గుంటలో వెయ్యాలి. ఎర్ర టీ నుంచి 340 గజాలు. నేను మొదట 140, తర్వాత మహా కొడితే 120. ఇంకా 80 మిగులుతుంది. ఎంత బాగా కొట్టినా రెండు దెబ్బల్లో చేరలేను. అది నా తప్పు కాదు, నన్ను నిలబెట్టిన చోటుది. ఇన్నాళ్లూ "నాకు ఆట రాదు" అనుకున్నానే తప్ప, "ఈ దూరం నా కోసం వేసింది కాదు" అనుకోలేదు.

నాతోపాటు ఆట మొదలుపెట్టిన ఆడవాళ్లం ఆరుగురం. నలుగురు మానేశారు. అడిగితే మోకాళ్లంటారు, మనవలంటారు. నిజం చెప్పొద్దూ, వెనకాల నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ మగవాళ్ల చూపుల మధ్య ఏడేసి ఎనిమిదేసి దెబ్బలు కొట్టలేక మానేశారు. వాళ్లకి దగ్గర్లో ఒక టీ ఉండి ఉంటే ఇద్దరైనా మిగిలేవారు.

"ముందునుంచి కొడితే అది మోసం కాదా?" అని మావారు అడిగారు. కాదు. 2020 నుంచి అమల్లోకొచ్చిన ప్రపంచ హేండికాప్ పద్ధతిలో ప్రతి టీకీ ఎంత కష్టమో కొలిచి అంకె ఇస్తారు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా. దూరం తక్కువైన టీ నుంచి ఆడితే మీకిచ్చే అదనపు దెబ్బలు ఆ మేరకు తగ్గిపోతాయి. తెల్ల టీ నుంచి ఆడేవారితో ఎర్ర టీ నుంచి ఆడేవారు సరసంగా పోటీ పడొచ్చు. ఎవరికీ అన్యాయం లేదు.

అంతెందుకు? టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, ఒకే మైదానంలో మగవాళ్లు 7,400 గజాల పైన ఆడారు, ఆడవాళ్లు 6,600 గజాల పైన ఆడారు. మన అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిస్తే దేశమంతా తెల్లవారుజామున లేచి టీవీ ముందు కూర్చుంది. ఆ అమ్మాయి బ్యాగు మోసింది కన్నతల్లి. "ముందునుంచి కొట్టింది కదా" అని ఒక్కరన్నారా? పైగా అక్కడ ఆడినవాళ్లలో దూరం కొట్టడంలో అదితి బాగా వెనకే. గ్రీన్ దగ్గరి పనితనంతో నెగ్గుకొచ్చింది.

ఇంత చెప్పినా మావారు కదల్లేదు. "ఆదివారం వాళ్ల ముందు నేను ఎర్ర టీ ఎక్కను" అన్నారు. సరే, ఎర్ర టీ వద్దు, ఆదివారమూ వద్దు అన్నాను. బుధవారం మైదానం ఖాళీగా ఉంటుంది. పచ్చడికి కొట్టిన రెండు కొబ్బరికాయల చిప్పలు నాలుగూ ఎండబెట్టి, రెండింటికి పసుపు రంగు, రెండింటికి ఆకుపచ్చ రంగు వేశాను. మైదానం చూసుకునే మేస్త్రీతో ముందే చెప్పాను. మా కేడీ కుర్రాడు ప్రతి హోల్ దగ్గరా అడుగులు లెక్కపెట్టి, ఫెయిర్‌వేలో పొట్టి గడ్డి మీద వాటిని బోర్లించాడు. ఆకుపచ్చవి సారుకి, పసుపువి నాకు. నాలుగో హోల్‌లో ఆయనకు 290 గజాలు, నాకు 230.

ఆయన కొట్టిన మొదటి దెబ్బ 175 వెళ్లింది. మిగిలింది 115. ఆరో నంబరు ఐరన్ తీశారు. రెండో దెబ్బకి ఐరన్ తీసి గ్రీన్ మీదకి కొట్టడం ఆయన మరిచిపోయి ఎన్నేళ్లయిందో! బంతి వెళ్లి గ్రీన్ మీద ఆగింది. రెండు పట్‌లలో లోపల. పార్. నాకు ఐదు పడ్డాయి, కానీ నేనూ రెండో దెబ్బకే గ్రీన్ అంచుకి చేరాను. "సారు నవ్వి చాలా రోజులైందమ్మగారూ" అన్నాడు కేడీ, నాకు మాత్రమే వినిపించేలా. ఆరోజు ఉప్మాలో ఉప్పు సరిపోయింది.

ఈ పని మీరూ చేయాలనుకుంటే రెండు మూడు జాగ్రత్తలు చెబుతాను. మీరు జన్మలో ఒక్కసారి కొట్టిన దూరం కాకుండా పదిసార్లు కొట్టి సగటు చూసుకోండి. మా మైదానంలో ఎండాకాలం గట్టి నేల మీద బంతి దొర్లి 20 గజాలు కలిసొస్తుంది, వర్షాకాలం పడ్డచోటే కూరుకుంటుంది. కాబట్టి కాలాన్నిబట్టి మారండి. వెనక టీ వాళ్లు కొట్టేదాకా ముందు టీ వాళ్లు పక్కకి జరిగి నిలబడాలి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ఓపిక లేనిరోజు తొమ్మిది హోల్స్ ఆడి ఇంటికి రండి, తొమ్మిది హోల్స్ స్కోరుకీ హేండికాప్ లెక్కలో చోటుంది.

ఒక లోటు మాత్రం ఉంది. కొలిచి అంకె ఇవ్వని చోటునుంచి, అంటే మా కొబ్బరిచిప్పల నుంచి, ఆడిన స్కోరు ఆ లెక్కకి రాదు. అందుకే కమిటీకి ఉత్తరం రాశాను. అడిగినవి రెండే. ఒకటి, 3,300 గజాల దగ్గర ఒకటి, 4,500 దగ్గర ఒకటి కొత్త టీలు వేసి కొలిపించండి. మట్టి పొయ్యక్కర్లేదు, సమంగా ఉన్నచోట గడ్డి కత్తిరించి దిమ్మలు పెడితే చాలు. రెండు, స్కోరు కార్డు మీద "లేడీస్", "సీనియర్స్" అన్న మాటలు తీసేసి రంగుల పేర్లు మాత్రం ఉంచండి. రంగుకి ఆడా మగా లేదు. ఆ పేరు తీసేస్తే డెబ్భై ఏళ్ల పెద్దమనిషి సిగ్గుపడక్కర్లేదు, పదహారేళ్ల అమ్మాయికి గట్టిగా కొట్టే సత్తువుంటే వెనక్కి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది. పరిశీలిస్తూనే ఉన్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మావారు పూర్తిగా మారలేదు. ఆదివారం స్నేహితులొస్తే ఇప్పటికీ తెల్ల టీ దగ్గరికే వెళతారు, సోమవారం నడుముకి తైలం రాయించుకుంటారు. నేను రాస్తూ ఏమీ అనను. బుధవారం మాత్రం మా ఇద్దరిదీ. మానేస్తానన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

కానీ ఆ "చీర" మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. మగవాడు తన ఒంటికి తగ్గట్టు నాలుగడుగులు ముందుకి జరగడం అవమానమైతే, ఆ చోట ముందునుంచీ నిలబడి ఉన్న మనమేమిటి? మనం అవమానంలో నిలబడి ఉన్నామా? ఆ నవ్వులో మనవాళ్లు నవ్వుతుంటే మనమూ పళ్లికిలించి ఊరుకోవడం వల్లనే కదా, మన చోటుకి ఆ పేరొచ్చింది! మొన్నొక ఆదివారం ఆ పెద్దమనిషే మళ్లీ అదే హాస్యమాడబోతే, "అన్నయ్యగారూ, మీ ఐదో నంబరు ఐరన్ ఎంత దూరం వెళుతుందండీ?" అని అడిగాను. 110 అన్నారు. మనసులోనే 36తో హెచ్చవేసి, "అయితే మీకు ఎర్ర టీ కూడా దూరమేనండీ, మా కొబ్బరిచిప్పలు ఎరువిస్తాను, బుధవారం రండి" అన్నాను.

ఆయన ఇంకా రాలేదు. చిప్పలు మాత్రం బ్యాగులోనే ఉన్నాయి.