కారాగారదోషము – రాజధర్మము

గౌతమీతీరాన రాజమహేంద్రవర కేంద్రకారాగారమైనా, మరొక చెరసాలయైనా, లోపలి ప్రతి ప్రాణికీ రాజ్యమే రక్షకుడు. విడువరాని బందీ పొరపాటున విడుదలైతే ఒక గుమాస్తాను సస్పెండు చేసి ప్రభుత్వం చేతులు దులుపుకొనుట ధర్మమనిపించుకోదు. కౌటిల్యుడు కంటకశోధనాధికరణంలో, బంధనాగారం నుండి బందీని విడిచినవానికి సర్వస్వహరణం, వధ విధించాడు. అంతటి క్రౌర్యం నేడెవరికీ సమ్మతం కాదు. అయితే దొంగిలింపబడిన సొత్తు దొరకనప్పుడు రాజే స్వధనం నుండి చెల్లించాలన్నదీ ఆయనే; అది మాత్రం నేటికీ శిరోధార్యం.

1977లో కోయిలకుంట్ల సబ్‌జైలుపై దుండగులు బాంబులు విసరగా ఒక ఖైదీ మరణించాడు. సార్వభౌమాధికారకృత్యం గనుక తనకు బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు విధించిన 1,44,000 రూపాయల పరిహారాన్ని సుప్రీంకోర్టు స్థిరపరచేసరికి 2000 సంవత్సరం వచ్చింది! లోపలివానిని కాపాడలేనందుకు చెల్లించిన ప్రభుత్వం, తాను ప్రమాదవశాత్తు విడిచినవాడు వెలుపల ఒక గృహస్థును హింసిస్తే ఏ ముఖంతో కాదనగలదు?