మందుల కిటికీ కడ

ఆసుపత్రి యనఁగానే మనకు వైద్యుఁడును సూదియు స్ఫురించునేగాని, ఆ సూది సకాలమున నచటి కెట్లు చేరినదను ప్రశ్న స్ఫురింపదు. మొన్న నొక సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీకై రెండు గంటలు నిలిచి, తుదకు మందుల కిటికీ కడ “స్టాకు లేదు, ఇండెంటు పోలేదు” అను మాట విని మరలితిని. వైద్యుఁడు మాత్రము, పాపము, మూఁడు నిమిషములలోనే రోగమును గుర్తించెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకమున అనుమతి, చికిత్స, బిల్లు, చెల్లింపు అను గొలుసులో నొక్క కొక్కెము ఊడినను రోగి వరండాలోనే మిగులును. కావున హైదరాబాదు నిమ్స్‌లోను, ముంబయి టాటా సామాజిక శాస్త్ర సంస్థలోను బోధించు ఆసుపత్రి నిర్వహణ స్నాతకోత్తర విద్యను, డాక్టరు సీటు రానివారి యోదార్పుగా నెంచుట యవివేకము. అయితే ఆ విద్యార్థులను కార్పొరేటు గాజుగదులకే పంపక, కొన్ని నెలలైనను జిల్లా ఆసుపత్రి మందులకొట్టులో, గడువు తీరిన అట్టపెట్టెల నడుమఁ గూర్చుండఁబెట్టవలెను.