చుట్టూ కృష్ణమ్మే

ఆఫ్రికా పడమటి తీరాన, సెనెగల్ రాజధాని డకార్‌కు ఎదురుగా గోరీ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పటి బానిస వ్యాపారానికి గుర్తుగా 1978లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ కార్లుండవు. నగరంలో పని పడితే లాంచీ ఎక్కాల్సిందే. 20 నిమిషాల ప్రయాణం.

దీవిలో కాపురమంటే ఎలా ఉంటుందో చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. గద్వాల దాకా వెళితే చాలు. జూరాల ప్రాజెక్టు దిగువన, కృష్ణ రెండు పాయల నడుమ గుర్రంగడ్డ ఉంది. గోదావరి వాళ్లు లంక అంటే వీళ్లు గడ్డ అన్నారు, అంతే తేడా. ఇళ్లున్నాయి, బడి ఉంది, పొలాలున్నాయి. లేనిదల్లా దారే.

గోరీ లాంచీకి ఓ టైముంది. గుర్రంగడ్డ పడవకు టైము చెప్పేది ఏరు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఫర్వాలేదు. వానాకాలమే గండం. అదీ ఇక్కడి వాన కాదు! పాలమూరులో చినుకు కోసం మబ్బుల వంక చూస్తున్న రోజుల్లోనే, ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో కుండపోత కురుస్తుంది. ఆల్మట్టి నిండుతుంది, నారాయణపూర్ నిండుతుంది, జూరాల గేట్లు లేస్తాయి. ఆయకట్టు రైతులకు అది పండగ కబురు. గుర్రంగడ్డకు మాత్రం పడవ ఆగిపోయే కబురు. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా ముందు చూడాల్సింది ఏటి వంకే.

వంతెన మంజూరైంది. పనులూ మొదలయ్యాయి, ఆపైన ఏళ్ల తరబడి నానాయి. అందుకే గేట్లు లేవకముందే బియ్యం, పప్పు, ఉప్పు, మందుబిళ్లలు పడవలో ఊరు చేరాలి.