ఒక కొండకు ఒక తరాజూ, పక్క కొండకు ఇంకొకటా?



ఏటా డిసెంబర్ 8న విశాఖ హార్బర్ పక్కనున్న రాస్ హిల్ మీద మేరీమాత పండుగ జరుగుతుంది. క్రైస్తవులే కాదు, ఇతరులు కూడా కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కుతారు. ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "చూడండి, బీబీ మరియంను పూజిస్తున్నారు. ఇది ఖుల్లంఖుల్లా షిర్క్." ఇంకొందరు ఆదివారం ఆరాధన మీద పడతారు: "గిటార్లు, డ్రమ్ములు, కుర్చీల్లో కూర్చుని చప్పట్లు. ఇదేం ఇబాదత్?"

ఈ రెండు మాటల మీదా నాకు ఎతరాజ్ ఉంది. చర్చివాళ్ళ అఖీదా సరైనదని కాదు. మన చేతిలో ఉన్న తరాజూ సరిగా లేదని.

ముందు గిటార్ సంగతి. పైకి కనిపించే తరీఖాను బట్టి ఇబాదత్‌ను కొలిస్తే మనకే చిక్కు. మన తెలుగు చర్చిల్లో చాలాచోట్ల చెప్పులు బయటే విడుస్తారు, ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు, చాపల మీద కూర్చుంటారు, మోకరించి కన్నీళ్ళతో దుఆ చేస్తారు. అప్పుడు వాళ్ళ ఆరాధన సహీ అయిపోయిందా? కాలేదు కదా! అలాంటప్పుడు డ్రమ్ము మోగినంత మాత్రాన మన దలీల్ బలపడదు. నజ్రాన్ నుంచి వచ్చిన క్రైస్తవుల బృందం మస్జిదె నబవీలో తూర్పు ముఖంగా నిలబడి తమ నమాజు చేసుకుంటుంటే, చేసుకోనివ్వమని రసూలుల్లాహ్ (స) అన్నారని ఇబ్న్ ఇస్‌హాక్ సీరత్‌లో ఉంది. ఎగతాళి చేయలేదు. కానీ ఈసా (అ) విషయంలో బహస్ జరిగినప్పుడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. మనకు కావలసిన అదబ్, మనకు కావలసిన పట్టుదల, రెండూ ఆ ఒక్క వాఖియాలో ఉన్నాయి.

అసలు సవాల్ ఇది: ఆ దుఆ ఎవరి దగ్గరికి వెళుతోంది?

కేథలిక్కులను అడగండి. "మేము మరియంను ఆరాధించం, మా కోసం ఖుదా దగ్గర ప్రార్థించమని ఆమెను అడుగుతాం, అంతే" అంటారు. ఇది ఇవాళ పుట్టిన జవాబు కాదు. క్రీ.శ. 787లో నైసియాలో జరిగిన మహాసభ, అసలైన ఆరాధన ఖుదాకే చెందుతుందని, పవిత్ర పటాలకు చేసేది తాజీమ్ మాత్రమేనని తేల్చి చెప్పింది. ప్రొటెస్టెంట్లు ఈ తేడాను ఒప్పుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజెస్ అనే పాద్రీలు ఆ వర్గం వాళ్ళే. పవిత్రుల మధ్యవర్తిత్వం అక్కర్లేదన్నది వాళ్ళ మతం. అంటే మనం ఏదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడే ఈ తగాదా, చర్చిల మధ్యనే వందల ఏళ్ళుగా నడుస్తోంది.

ఇద్దరితోనూ మనకు ఇఖ్తిలాఫ్ ఉన్న చోటు వేరే. ఈసా (అ)ను ఖుదా అని కొలవడం. దీన్ని మెత్తగా చెప్పాల్సిన అవసరం లేదు, కఠినంగానూ చెప్పనక్కర్లేదు, సాఫ్‌గా చెబితే చాలు. ఆ ఇద్దరు పాద్రీల శ్రమతో తెలుగులోకి వచ్చి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన సువార్తల్లో మత్తయి ఒకటి. గెత్సేమనే తోటలో ఈసా నేలమీద సాగిలపడి దుఆ చేసిన ఘట్టం అందులో ఉంది. ఆ సజ్దా ఎవరికి? క్రైస్తవ దోస్తులను ఇదే అడగండి. "మానవరూపంలో వచ్చాడు కనుక మానవుడిగా తండ్రికి ప్రార్థించాడు" అని జవాబిస్తారు. పూర్తిగా వినండి. సజ్దా చేసే బందా, సజ్దా అందుకునే రబ్ ఒక్కరు కాలేరన్న మన మాట అప్పుడు చెప్పండి. ఇంత చేస్తే చాలు, హేళన అక్కర్లేదు.

ఇప్పుడు రెండో కొండకు రండి. రాస్ హిల్ పక్కనే దర్గా కొండ ఉంది, హజరత్ ఇస్‌హాక్ మదనీ దర్గా. అక్కడికి వెళ్ళి సలాం చెప్పడం, ఫాతిహా చదవడం, ఆఖిరత్ గుర్తు చేసుకోవడం, వీటి గురించి నేను మాట్లాడటం లేదు. వలీ పేరు చెప్పి అల్లాహ్‌నే అడగడం గురించి ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, అందులోకీ దిగను. నేను అడిగేది మజార్ జాలీ పట్టుకుని "బాబా, నాకు ఔలాద్ ఇవ్వు, నా కొడుక్కి నౌకరీ ఇవ్వు" అని నేరుగా వలీనే అడిగే దుఆ గురించి. "ఇదేమిటి భాయ్?" అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "మేము ఇబాదత్ చేయడం లేదు, ఇది వసీలా మాత్రమే."

ఈ మాట ఇంతకుముందు విన్నాం కదూ! పక్క కొండ మీద కొవ్వొత్తి పట్టుకున్న ఆమె చెప్పేదీ ఇదే. ఆమె జవాబు చెల్లదంటే మనదీ చెల్లదు. మనది చెల్లుతుందంటే ఆమెను ముష్రిక్ అనే హక్ మనకు లేదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. నా మట్టుకు నాకు రెండూ చెల్లవు. రోజూ 17 ఫర్జ్ రకాతుల్లో సూరా ఫాతిహా చదువుతూ, ఇబాదత్ నీకే, మదద్ అడిగేదీ నిన్నే అని ఒకే ఆయత్‌లో రెండింటినీ కలిపి ఇఖ్రార్ చేస్తున్నాం. సలాం ఫేర్చి బయటికొచ్చి ఆ రెండింటినీ విడదీస్తే ఎలా?

ఇది ఉలమాలకు వదిలేసే బహస్ కాదు. మన పిల్లలు కాన్వెంట్లలో చదువుతున్నారు. ఉక్కునగరం క్వార్టర్లలో గోడకు అటుపక్క క్రైస్తవ కుటుంబాలున్నాయి. వాళ్ళు క్రిస్మస్‌కు కేకు పంపితే, మనం ఈద్‌కు షీర్ ఖుర్మా పంపుతాం. ఆ ఇంటి పిల్ల ఏదో ఒకరోజు మీ పిల్లను అడుగుతుంది: "మేరీమాతను అడిగితే తప్పు, మీ బాబాను అడిగితే ఒప్పా?" మీ పిల్ల ఇంటికొచ్చి అమ్మీని అడుగుతుంది. అమ్మీ కసిరితే, అబ్బా మాట దాటేస్తే, పిల్ల నేర్చుకునేది ఒక్కటే: దీన్‌లో మనవాళ్ళకో కొలత, పరాయివాళ్ళకో కొలత ఉంటాయని. ఆ షక్ ఒకసారి గుండెలో పడితే తీయడం కష్టం.

కాబట్టి అమ్మీలూ, అబ్బాలూ! పిల్లలకు బీబీ మరియం గొప్పతనం చెప్పండి. ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావన వచ్చిన ఏకైక స్త్రీ ఆమె. ఆమె పేరుతో ఒక సూరా ఉంది. వలీల జీవితాలూ చెప్పండి. వాళ్ళు ఎవరి ముందు తల వంచారో, ఎవరిని అడిగారో మాత్రం వదలకుండా చెప్పండి. చర్చి ఆరాధనలో మనం పాలుపంచుకోం, ఎందుకో పిల్లకు తెలియాలి. చర్చిని చూసి నవ్వం, ఎందుకో అదీ తెలియాలి.

అల్లాహ్ మనందరికీ ఇఖ్లాస్‌తో కూడిన ఇబాదత్, ఇన్సాఫ్‌తో కూడిన జబాన్ అతా ఫర్మాయించు గాక. ఆమీన్.